లేడన్న మాట

“ఎవరు పోయారన్నారు?”

మోచేతుల దాకా పిండిలో ఉన్న చేతులు బయటికి తీయకుండానే, తల ఎత్తకుండానే అడిగింది రొట్టెలమ్మ.

గుమ్మంలో నిలబడ్డ ఐదుగురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కరెంటు ఆఫీసు మనుషులు. నడుములకి బెల్టులు, భుజాల మీద తాడు చుట్టలు. నెత్తి మీద ఉండాల్సిన పసుపు హెల్మెట్లు మాత్రం చేతుల్లో ఉన్నాయి. అది చూసి బయట రొట్టెల కోసం వరసలో నిలబడ్డ జనం కూడా మాటలు ఆపేశారు.

అందరిలో పెద్దవాడైన లైన్ ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

“మునిసిపల్ ఆఫీసు గోడకి పొద్దున్నే జాబితా అంటించారమ్మా. తుఫానులో పోయినవాళ్ళది. తొమ్మిదో పేరు... మీ చిన్నకొడుకుది, మన చిన్నాడిది.”

పెద్దకొడుకు బట్టీ ముందు నిలబడి, పొడుగాటి కర్ర పారతో కాలిన రొట్టెలు బయటికి లాగుతున్నాడు. పార సగం లోపల, సగం బయట ఆగిపోయింది. మాడు వాసన వస్తున్నా అతనికి తెలియలేదు. కోడలు వచ్చి అతని చేతిలోంచి పార తీసుకుని, రొట్టెలు కిందికి దింపింది.

రొట్టెలమ్మ మాత్రం పిండి పిసుకుతూనే ఉంది. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళకి ఇందులో వింతేమీ లేదు. ఏడుపొస్తే పిండి పిసుకుతుంది, కోపమొస్తే ఇంకాస్త పిండి పిసుకుతుంది. ఆ ఇంటి రొట్టెలు అంత మెత్తగా రావడానికి కారణం ఆవిడ సంసారమేనని వీధిలో ఎప్పట్నుంచో ఒక హాస్యం ఉంది.

“తొమ్మిదో పేరా?” అంది చివరికి. “అది నేను చెప్పిందే.”

“ఏం చెప్పావ్?” అన్నాడు పెద్దాడు.

“లేడని చెప్పాను. మొన్న టీచరమ్మ పుస్తకం పట్టుకుని లెక్క రాసుకోడానికి వచ్చిందిగా. ఇంట్లో ఎవరెవరున్నారంది. పాత కాగితాల్లో వాడి పేరింకా ఇక్కడే ఉందిట, అది కూడా చదివింది. లేడన్నాను. లేనివాణ్ణి లేడనక ఏమంటారు?”

లేడు అన్న ఒక్క మాటతో మనం ఎన్ని పనులు చేయించుకుంటామో చెప్పలేం. బజారుకెళ్ళినవాడూ లేడే. ఎవరో వస్తున్నారని చూసి వెనక గదిలో నక్కినవాడూ లేడే. కాటికి వెళ్ళినవాడూ లేడే. వినేవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు అర్థం చేసుకోవాలి.

ఇన్‌స్పెక్టరు ముఖం విచ్చుకుంది. “అయితే ఇదంతా ఆ రాతలో వచ్చిన పొరపాటన్నమాట. మనవాడు బతికే ఉన్నాడు.”

“ఉండక ఏం చేస్తాడు?” అంది రొట్టెలమ్మ.

“నీకెలా తెలుసు?” అన్నాడు పెద్దాడు. “ఆ పేరు నీ నోట్లోంచి వెళ్ళిందో, సముద్రం ఒడ్డునుంచి వచ్చిందో నీకెలా తెలుసమ్మా? వాడు పనిచేసేదెక్కడ? తుఫాను మొదట వచ్చి పడిందెక్కడ? ఆ ఒడ్డునే కదా? ఆరు రోజులైంది. ఒక ఫోన్ లేదు, ఒక కబురు లేదు. నువ్వు అన్నావు కాబట్టి అబద్ధం అయిపోవాలా?”

ఆవిడ ఇన్‌స్పెక్టరు వైపు చూసింది. “అన్ని ఊళ్ళవీ కలిపి అంటించారా, బాబూ?”

“అది తెలీదమ్మా. గోడ మీద పేర్లే ఉన్నాయి. ఎవరు ఎక్కడ పోయారో రాయలేదు.”

అప్పుడు ఆగాయి రొట్టెలమ్మ చేతులు.

బయట వరస విడిపోతోంది. ముందున్నవాళ్ళు వెనకున్నవాళ్ళకి చెప్పారు, వెనకున్నవాళ్ళు చప్పుడు కాకుండా సంచులు మడుచుకున్నారు. చావు వార్త వచ్చిన ఇంటిముందు చెయ్యి చాచి రొట్టె అడగడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరికంటే ముందుండే టైలరు బాబాయి అందరికంటే ముందు వెళ్ళిపోతున్నాడు.

ఆకలి లేక కాదు. తుఫానుకి ఊళ్ళో కరెంటు పోయింది, కరెంటుతో నడిచే పెద్ద బేకరీలన్నీ చల్లబడ్డాయి. కట్టెలతో మండే ఈ పాత బట్టీ ఒక్కటే మిగిలింది. మొదటి రోజున టైలరు బాబాయి తన ఇంట్లో తడవకుండా మిగిలిన పిండి డబ్బా తెచ్చి ఇక్కడ పెట్టాడు. అది చూసి పక్కింటివాళ్ళు తెచ్చారు, ఆ పక్క వీధివాళ్ళు తెచ్చారు. వడ్రంగి కూలిన చెట్లు కోసి మొద్దులు చేసి బట్టీ పక్కన పేర్చాడు. ముందు గది రేకులు గాలికి ఎగిరిపోతే, మంచినీళ్ళ లారీ మీద వచ్చిన ఎవరో ముక్కూమొహం తెలియని మనుషులు దిగి, పైన టార్పాలిన్ కట్టి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోకుండా ముప్పై ఏళ్ళు నెట్టుకొచ్చిన రొట్టెలమ్మకి, ఈ ఆరు రోజుల్లో పుచ్చుకోవడం ఒక్కసారిగా నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్చుకుంది గానీ, థాంక్స్ చెప్పడం ఇంకా సరిగ్గా రాలేదు. చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కసురుకునేది.

ఇప్పుడూ అలాగే పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది.

“ఏమయ్యా టైలరూ, ఎక్కడికి?”

అతను వెనక్కి తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. “ఇలాంటప్పుడు రొట్టెలేంటి వదినా. మేం ఎలాగో సర్దుకుంటాం.”

“ఏం పెట్టుకుని సర్దుకుంటావ్? నీ ఇంట్లో పిండి నా తొట్లో ఉంది.”

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు.

“వాడు ఉన్నాడో లేడో ఇంకా తేలలేదు,” అంది ఆవిడ, ఈసారి నెమ్మదిగా. “తేలేదాకా మీరంతా పస్తులుంటే, వాడొచ్చాక నేనేం మొహం పెట్టుకుని చెప్పుకోను? రండి. వరసలోకి రండి. చిన్నపిల్లలున్నవాళ్ళు ముందుకి రండి.”

ఒక్కొక్కరే తిరిగి వచ్చారు. టైలరు బాబాయి వరసలో చిట్టచివర నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరు కూడా ఇరకాటంలో పడ్డాడు. వీధి చివర ఆపిన వాళ్ళ బండిలో పన్నెండు కొత్త రేకులున్నాయి. చిన్నాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో అతని చేతికిందే పని నేర్చుకున్నాడు. ఆ పిల్లవాడి తల్లి నెత్తిన కప్పు లేకుండా ఉందని, స్తంభాలు నిలబెట్టే పనిలో అన్నం తినడానికి ఇచ్చే గంట మిగుల్చుకుని వచ్చారు ఐదుగురూ.

“పోయినవాడి పేరు చెప్పి నా ఇంటి కప్పు ఎక్కొద్దు,” అంది రొట్టెలమ్మ.

“ఉన్నవాడి పేరు చెప్పి ఎక్కుతాం లెండి. రేకులకేం తెలుస్తుంది?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ముగ్గుర్ని పైకెక్కమని, ఇంకొకణ్ణి తీసుకుని బయల్దేరాడు. “సబ్‌స్టేషన్‌లో వైర్‌లెస్ నిన్నటినుంచి పనిచేస్తోంది. చిన్నాడు పనిచేసే ఆ సముద్రం ఒడ్డు సెక్షన్ దొరుకుతుందేమో చూస్తాను. వంతు దొరకాలి, అదే కష్టం. మీరు టీచరమ్మని అడగండి.”

పెద్దాడు అప్పటికే చొక్కా తొడుక్కుని వీధిలోకి దిగాడు. తల్లి వైపు చూడలేదు.

టీచరమ్మ బడిలో ఉంటుంది. ఇళ్ళు పోయినవాళ్ళంతా ఇప్పుడు ఆ బడిలోనే ఉంటున్నారు. వెళ్ళి తీసుకొచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంటసేపూ అత్తా కోడలూ తొట్టికి చెరోవైపు కూర్చుని పిండి పిసికారు. పైన రేకుల మీద సుత్తి దెబ్బలు పడుతున్నాయి.

“అత్తయ్యా, మీరు నిజంగా ఏమన్నారు?”

“చెప్పాగా. ఇంట్లో లేడన్నాను.”

“ఇంట్లో అన్న మాట అన్నారా?”

“అనే ఉంటాను.”

కోడలు పిండి ముద్ద తిరగేసి మళ్ళీ అదిమింది.

రొట్టెలమ్మే అందుకుంది. “వాడి పెళ్ళి సంగతి నాకెవరు చెప్పారో నీకు తెలుసా?”

తెలుసు. మూడేళ్ళుగా వింటూనే ఉంది. అయినా వినడం మంచిదనిపించి కోడలు ఊరుకుంది.

“పిండి మిల్లాయన. బస్తా దింపి, చెమట తుడుచుకుని, మీ చిన్నకోడలు నర్సటగా, మంచి ఉద్యోగం అన్నాడు. ఏ చిన్నకోడలు అన్నాను నేను. నా కొడుకు పెళ్ళి నాకు పిండి బస్తాతో పాటు వచ్చిందే అమ్మాయ్. ఆ పిల్ల మంచిదో కాదో నేననలేదు. ఇప్పటికీ అననూ. నాకు చెప్పలేదన్నాను. ఇవాళ ఈ వార్త కూడా అలాగే వచ్చింది చూడు, గుమ్మంలో పరాయి మనుషుల నోట.”

“తర్వాత వచ్చాడుగా అత్తయ్యా, ఆ అమ్మాయిని తీసుకుని.”

“వచ్చాడు.”

“మీరు తలుపు తీశారు.”

“తీశాను.”

“లోపలికి రమ్మనలేదు.”

సుత్తి చప్పుడు ఆగింది. పైన ఎవరో మేకులు అందించమని అడుగుతున్నారు. రొట్టెలమ్మ తన చేతులకేసి చూసుకుంది.

“నాకు భయంగా ఉందే,” అంది. “నేను లేడన్న ఆ పూట వాడు నిజంగానే నీళ్ళలో ఉన్నాడేమో. నా మాట తగిలిందేమో.”

ఆవిడ భయమని చెప్పుకోవడం కోడలు అంతకుముందు వినలేదు. దగ్గరికి జరిగి, పిండి అంటిన ఆ చెయ్యి పట్టుకుంది.

“మీ మాటలు తగిలేట్టయితే ఈ వీధిలో ఇప్పటికి ఒక్కరు మిగిలేవారు కాదు. టైలరు బాబాయినే రోజుకి నాలుగుసార్లు అంటారు. చూడండి, ఎంత గుండ్రంగా ఉన్నాడో.”

రొట్టెలమ్మ ముక్కు ఎగబీల్చి కొంచెం నవ్వింది. కోడలు చేయి వదల్లేదు. “అత్తయ్యా, మీకొక సంగతి చెప్పాలి. కోప్పడకండి...”

గుమ్మంలో నీడ పడింది. పెద్దాడి వెనకే టీచరమ్మ వచ్చింది. చెప్పాలనుకున్నది కోడలి నోట్లోనే ఉండిపోయింది.

టీచరమ్మ ఆరు రోజులుగా సరిగ్గా నిద్ర లేని మనిషి. ఎవరివో మగవాళ్ళ చెప్పులు వేసుకుని ఉంది. చంకలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిన లెక్కల పుస్తకం. దారిలో పెద్దాడు అంతా చెప్పినట్టుంది, వస్తూనే చేతులు జోడించింది.

“క్షమించండమ్మా. పుస్తకం చూడందే నేనేమీ చెప్పలేను. రెండు వందల ఇళ్ళు తిరిగాను. ఎవరెవరు ఏమన్నారో కలగాపులగం అయిపోయింది.”

పుస్తకం తీశారు. తడిసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. లాగితే చిరిగేలా ఉన్నాయి. కోడలు పుస్తకాన్ని బట్టీ నోటికి మూరెడు దూరంలో పట్టుకుంది. వేడికి అంచులు కాస్త విడివడ్డాక, బన్నులు ట్రే నుంచి విడదీసే పలచటి రేకుతో ఒక్కో కాగితం నెమ్మదిగా ఎత్తింది. మిగిలిన ముగ్గురూ మీదికి వంగి చూస్తున్నారు. పైనున్న లైన్‌మన్ ఒకడు ఇంకా కప్పని సందులోంచి తల వంచి చూస్తున్నాడు.

“ఇదిగో. మీ ఇల్లు,” అంది టీచరమ్మ. వేలు పెట్టి చదివింది. “పెద్దబ్బాయి, ఉన్నారు. కోడలు, ఉన్నారు. చిన్నబ్బాయి... చనిపోయారు. వివరం చెప్పినవారు, తల్లి.”

“మళ్ళీ చదువు,” అంది రొట్టెలమ్మ.

“వివరం చెప్పినవారు, తల్లి.”

“గోడ మీద ఉన్నది ఈ పేరేనా? సముద్రం ఒడ్డునుంచి వేరే పేరేదీ రాలేదా?”

“ఆ వైపు జాబితాలు ఇంకా రానే లేదమ్మా. రోడ్డు తెగింది కదా. గోడ మీదున్నవన్నీ మన వార్డువే. నా పుస్తకం చూసి నేనే స్వయంగా ఎక్కించాను.”

రొట్టెలమ్మ పిండి బస్తా మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది.

“అయితే తప్పు నాది,” అంది.

“లేదండీ, నాది. నేను ఇంకోసారి అడగాల్సింది.”

“నువ్వెందుకు అడగాలి? చెప్పింది నేనేగా. తప్పు నాదేనమ్మా, నాదే. ఒరే, విన్నావా? తప్పు నాదే.”

తప్పు తనదని తేలినందుకు ఇంత సంతోషించిన మనిషిని ఆ వీధి ఎన్నడూ చూడలేదు. అందులోనూ రొట్టెలమ్మని. ఆవిడ లేచి వెళ్ళి టీచరమ్మ రెండు చేతులూ తన పిండి చేతుల్లోకి తీసుకుంది. “ఆ వానలో, ఆ బురదలో ఇల్లిల్లూ తిరిగి ఎవరున్నారో ఎవరు లేరో అడిగావు. నేను నీకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. నీ మేలు మర్చిపోను తల్లీ,” అంది. కసురుకోకుండా అన్న మొదటి థాంక్స్ అదే. అని, వేడి రొట్టె ఒకటి తీసి ఆమె సంచిలో పెట్టింది.

పెద్దాడు నవ్వలేదు.

“మా అమ్మ సరిగ్గా ఏమందండీ?” అని అడిగాడు టీచరమ్మని.

“పోనీండి, తేలిపోయింది కదా.”

“లేదు, చెప్పండి. ఇంట్లో లేడంటే ఎవరూ చనిపోయాడని రాయరు. మీరు చదువు చెప్పేవాళ్ళు.”

టీచరమ్మ రొట్టెలమ్మ వైపు చూసింది. ఆవిడ బట్టీలో మంట చూస్తోంది.

“పేరు చదివాను,” అంది టీచరమ్మ మెల్లగా. “వాడు నాకు లేడమ్మా అన్నారు. అని తల తిప్పుకున్నారు. ఆ గొంతు విని ఇంకేమీ అడగలేకపోయాను. ఆ రోజు అంతకుముందు మూడిళ్ళలో అలాంటి గొంతే విన్నాను.”

ఆమె పుస్తకం చుట్టుకుని వెళ్ళిపోయింది. ముగ్గురే మిగిలారు. బట్టీలో మొద్దు ఒకటి చిటపటమంది.

“ఇంట్లో లేడన్నానన్నావ్,” అన్నాడు పెద్దాడు.

“అన్నాను.”

“నాకు లేడన్నావు. చచ్చినవాడి కింద జమకట్టావు. ఆమె రాసింది రైటే. పొరపాటు పుస్తకంలో లేదమ్మా.”

“ఏవండీ,” అంది కోడలు.

“నన్ను మాట్లాడనీ. మూడేళ్ళు వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తనివ్వలేదు. నేను నోరు మూసుకున్నా. నీ బాధ నీది అనుకున్నా. నాకూ తమ్ముడేగా? వాడికి సైకిల్ నేర్పింది నేను. పెళ్ళి సంగతి నాకూ చెప్పలేదు వాడు. నాకూ కోపం వచ్చింది, నాకు నెలరోజుల్లో పోయింది. నీకు ఎందుకు పోలేదమ్మా?”

“వాడొస్తే చాల్రా,” అంది రొట్టెలమ్మ. “వాడు ఏం చెప్పమంటే అది చెప్తాను.”

“ఎక్కడికొస్తాడు? ఆ జాబితా తప్పంటే వాడు బతికున్నాడని కాదు. వాడి సంగతి ఎవరికీ తెలీదని. అంతే.”

ఆ మాటతో ఆవిడ ముఖంలో అప్పుడే వచ్చిన వెలుగు ఆరిపోయింది. పెద్దాడికి తను అన్నది తనకే నచ్చలేదు. దగ్గరికి వెళ్ళబోయి ఆగిపోయాడు. అంతలో వీధి చివర జీపు హారన్ ఆగకుండా మోగింది.

ఇన్‌స్పెక్టరు జీపు దిగలేదు. వీధికి అడ్డంగా పడ్డ చెట్టు అవతల నిలబెట్టి, చేతులు ఊపుతున్నాడు. “అమ్మా, తొందరగా రండి. దొరికాడు.”

కోడలు ఒక రెక్క, పెద్దాడు ఇంకో రెక్క పట్టుకుని రొట్టెలమ్మని నడిపించారు. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకుని దారిచ్చారు. టైలరు బాబాయీ వడ్రంగీ చెట్టు మొద్దు మీదుగా ఆవిణ్ణి ఎత్తి అవతల దింపారు. మామూలప్పుడైతే ఇద్దర్నీ తిట్టేది. ఇవాళ మాత్రం, ఎవరికని లేకుండా, అందరివైపూ తిరిగి చేతులు జోడించింది.

“మాట్లాడాడమ్మా, నాతో మాట్లాడాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “వాళ్ళ ఆఫీసు మేడ మీద ఉన్నాడు. లైన్లో మనకన్నా ముందు ఆసుపత్రివాళ్ళున్నారు. సంగతి చెబితే వాళ్ళ వంతులో రెండు నిమిషాలు మనకిచ్చారు. రెండే నిమిషాలు. ఈ జీపులో ఉన్న సెట్టుకి కలిపారు. ఇదిగో, ఈ మైకు పట్టుకోండి. మాట్లాడాలంటే ఈ బొత్తాం నొక్కి పట్టుకోవాలి. వినాలంటే వదిలెయ్యాలి. రెండూ ఒకేసారి కుదరవు.”

సెట్టులో గరగరమంది. ఆ గరగరలోంచి ఒక గొంతు వచ్చింది. బొంగురు పోయింది, అలిసిపోయింది. అయినా ఎవరిదో చెప్పక్కర్లేదు.

“హలో. సార్, ఇంతకీ నేను పోయానన్నదెవరు సార్?”

పెద్దాడు జీపు తలుపు పట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి.

రొట్టెలమ్మ బొత్తాం నొక్కింది. “మాట్లాడండి అత్తయ్యా,” అంది కోడలు.

“నేనేరా,” అంది ఆవిడ. “నేనే అన్నాను. టీచరమ్మ వచ్చి అడిగితే, నాకు లేడన్నాను.”

ఇంట్లో లేడన్నానని చెప్పి తప్పించుకోవచ్చు. వినేవాడికి తెలిసే దారి లేదు. పెద్దాడు తలెత్తి తల్లివైపు చూశాడు. ఆ చూపులో ఇందాకటి కోపం లేదు.

ఇన్‌స్పెక్టరు సైగ చేశాడు. ఆవిడ బొత్తాం వదిలింది. గరగర చాలాసేపు వచ్చింది.

“నువ్వే అయ్యుంటావనుకున్నాలే,” అన్నాడు చిన్నాడు. “బతికున్నవాణ్ణి గోడకెక్కించే ధైర్యం ఇంకెవరికుంటుంది?” నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. “మరి ఇప్పుడో? ఇప్పుడు ఉన్నానా అమ్మా?”

“ఉన్నావు,” అంది. “ఉన్నావురా నాన్నా. ఉన్నావు.”

ఈసారి ఆవిడే గుర్తుపెట్టుకుని బొత్తాం వదిలింది. చుట్టూ వీధి వీధంతా నిలబడి ఉంది. ఒక్కరూ దగ్గలేదు.

“నేనొక్కణ్ణేనా?” అన్నాడు చిన్నాడు. “ముగ్గురం ఉన్నామా?”

రొట్టెలమ్మ కోడలి వైపు తిరిగింది. “ముగ్గురంటాడేంటి?”

కోడలు తల వంచుకుంది. పెద్దాడు ఎటో చూశాడు. ఇంట్లో తనకొక్కదానికే తెలియని సంగతి మళ్ళీ ఒకటి ఉందని అప్పుడర్థమైంది ఆవిడకి. ఇంకో రోజైతే ఆ ఒక్క కారణంతో నెలరోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఇప్పుడు కోపం తెచ్చుకునే తీరిక లేదు. బొత్తాం నొక్కింది.

“బిడ్డకి ఎన్నో నెల్రా? ఆడా, మగా? నీళ్ళు మీ ఇంట్లోకి వచ్చాయా? పసిబిడ్డకి పాలున్నాయా? పొడి బట్టలున్నాయా? ఆ అమ్మాయి... నా కోడలు ఎలా ఉంది? పక్కనే ఉందా? దానికి ఇవ్వు. ఒరే, దానికివ్వరా. మాట్లాడవేంట్రా?”

సెట్టు మూగగా ఉంది. గరగర కూడా లేదు.

“మాట్లాడవేం? ఒరే చిన్నాడా. మాట్లాడు.”

“అమ్మా, బొత్తాం వదలండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మీరు నొక్కి పట్టుకున్నంతసేపూ అతని మాట రాదు. టైం అయిపోతోంది, వదలండమ్మా.”

ఆవిడ వేలు తెల్లగా పాలిపోయింది. వేలి మీద పిండి ఎండి పొరలు పొరలుగా లేస్తోంది.

“వదిలితే మళ్ళీ లేకుండా పోతాడేమో, బాబూ,” అని, బొత్తాన్ని ఇంకా గట్టిగా నొక్కి పట్టుకుంది రొట్టెలమ్మ.